పాత స్నోబ్లోవర్: బాగు చేయాలా, తీసేసి కొత్తది కొనాలా?

వాకిలిమంచు

అందరికీ నమస్కారం. మాకు ఇల్లు అమ్మినాయన గ్యారేజీలో ఒక పాత స్నోబ్లోవర్, అంటే వాకిట్లో మంచు తీసి దూరంగా విసిరే మెషీన్, వదిలేసి వెళ్లాడు. టూ స్టేజ్ రకం: ముందున్న ఆగర్ అనే మరలాంటి రెక్కలు మంచుని కోసి లోపలికి లాగితే, వెనకున్న ఫ్యాన్ విసురుతుంది. 24 అంగుళాల వెడల్పు, 8 హార్స్ పవర్ టెకుమ్సే కంపెనీ ఇంజన్. వయసు కచ్చితంగా తెలియదు గానీ పాతికేళ్ల పైమాటే. ఇన్నాళ్లూ పని నడిపించింది. పోయిన సీజను చివర్లో మొండికేసింది.

ఇప్పుడు దాని పరిస్థితి ఇదీ. చోక్ (ఇంజన్‌కి గాలి తగ్గించే మీట) పూర్తిగా వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. సగం చోక్‌లో పెడితే ఇంజన్ శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడుతుంది. గేరు వేస్తే ఉత్త నేల మీద నడుస్తుంది గానీ మంచు కుప్పకి తగలగానే చక్రాలు నిలబడిపోతాయి. ముందున్న ఆగర్‌లో ఎడమ సగం అసలు తిరగదు.

ఒక రిపేరు షాపుకి ఫోన్ చేస్తే, మెషీన్ చూడకుండానే "అంత పాతదానికి ఖర్చు దండగ, కొత్తది కొనుక్కోండి" అన్నారు. వాళ్లే కొత్తవి కూడా అమ్ముతారు, అందుకే ఆ మాట ఎంతవరకు నమ్మాలో తెలియట్లేదు. నాకు పానా పట్టుకోవడం వచ్చు, ఇంజన్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. మీరైతే ఏం చేస్తారు?

బ్యాటరీబాబు

ఇంజన్‌లో ఒకటి, చక్రాల్లో ఒకటి, ఆగర్‌లో ఒకటి. ఇవాళ ఇది బాగు చేస్తే రేపు ఇంకోటి పోతుంది. బ్యాటరీ మెషీన్ తీసుకోండి బ్రో. పెట్రోలు గోల లేదు, కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) లేదు, తాడు లాగే పని లేదు. బటన్ నొక్కితే స్టార్ట్.

గ్రీజుచేతులు

వాకిలిమంచు గారూ, తొందరపడకండి. మీరు చెప్పిన మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పైగా మూడూ అరిగిపోయే భాగాల తాలూకు లక్షణాల్లాగే ఉన్నాయి. విడివిడిగా చూద్దాం.

చోక్ తీస్తే ఆగిపోవడం, ఊగిసలాట: ఇంజన్‌కి గాలి సరిపడా వెళ్తోంది, పెట్రోలు చాలడం లేదు. చోక్ వేస్తే గాలి తగ్గి ఆ తూకం తాత్కాలికంగా సర్దుకుంటుంది. నిల్వ ఉన్న పెట్రోలు ఆవిరై జిగురుగా మారి కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాలు పూడిపోతాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. మీ టెకుమ్సేలో కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెను కింద పట్టి ఉంచే బోల్టు ఉంటుంది చూడండి, పెట్రోలు పైకి వెళ్లే దారి ఆ బోల్టులోనే. దాన్ని విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని రంధ్రాల్లోంచి చూడండి. పక్కన సూదిమొనంత రంధ్రం ఇంకొకటి ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. సన్నని రాగి తీగతో శుభ్రం చేయాలి, గట్టి ఉక్కు సూదితో గీకితే రంధ్రం పెద్దదైపోతుంది. శుభ్రం చేసినా దారికి రాకపోతే ఆ ఇంజన్‌కి సరిపోయే కొత్త కార్బురేటర్లు దొరుకుతాయి. మొత్తం మార్చేయడం గంట పని.

చక్రాలు నిలబడిపోవడం: ఆ తరం మెషీన్లలో ఎక్కువగా ఉండేది ఫ్రిక్షన్ డిస్క్. బెల్టు ఒక అల్యూమినియం పళ్లేన్ని తిప్పుతుంది. అంచుకి రబ్బరు కట్టిన చక్రం ఒకటి దానికి అడ్డంగా ఆనుకుని తిరుగుతుంది. పళ్లెం మధ్యకి జరిగితే నెమ్మది, అంచుకి జరిగితే వేగం, మధ్య దాటి అవతలికి పోతే రివర్స్. మీ "గేర్లు" అన్నీ అంతే. ఆ రబ్బరు అరిగితే లోడ్ పడగానే జారుతుంది. పళ్లెం మీద నూనె పడినా అదే లక్షణం.

ఆగర్ ఒక సగం తిరగకపోవడం: షియర్ పిన్, అంటే ఆగర్‌ని ఇరుసుకి పట్టి ఉంచే మెత్తటి పిన్, తెగి ఉంటుంది. నూటికి తొంభైసార్లు అదే. తెగడమే దాని ఉద్యోగం.

ఇవన్నీ మార్చుకునే సామాన్లు. మెషీన్ ఉండాలా పోవాలా అనేది వీటిమీద తేల్చకూడదు. దాన్ని తేల్చేవి ఇంకో నాలుగున్నాయి. ఆగర్ గేర్‌బాక్స్, ఇంజన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కి పట్టే బలం), ఆగర్ చుట్టూ ఉండే ముందు డబ్బా అడుగు తుప్పు, హ్యాండిల్ మీది లివర్ వదిలితే ఆగే ఏర్పాటు. ముందు అవి చూసి చెప్పండి.

నిద్రలేవను

నా లాంటివాడికి అయితే ఒకటే ప్రశ్న. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాలి, రోడ్డు మీద మంచు తోసే బండి వచ్చి వాకిలికి అడ్డంగా గోడ కట్టిపోయింది. అప్పుడు మొరాయిస్తే? రిపేరు ఖర్చు కంటే ఆ టెన్షన్ ఎక్కువ.

పానా_పదమూడు

నిద్రలేవను గారూ, కొత్తదైనా పాత పెట్రోలు పోసి మూలన పెడితే సరిగ్గా ఆ రోజే మొరాయిస్తుంది.

తూకంరాయి

నేను లెక్కల మనిషిని. "రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొను" అనే సూత్రం అందరూ చెబుతారు. ఈ విషయంలో ఆ సూత్రంలో ఒక లోపం ఉంది. దేనితో పోలుస్తున్నారు? అదే వెడల్పున్న చవకరకం కొత్త మెషీన్‌తో పోలిస్తే రిపేరు ఖరీదుగా కనిపిస్తుంది. కానీ మీ పాతదాని డబ్బా రేకు మందం, గేర్‌బాక్స్ బరువు ఆ చవకరకంలో ఉండకపోవచ్చు. దానికి దీటైనదానితో పోల్చండి, అప్పుడు లెక్క మారుతుంది.

షాపు చెప్పే ఖర్చులో ఎక్కువ భాగం కూలి, మెషీన్‌ని తీసుకెళ్లి తెచ్చే ఖర్చు. షియర్ పిన్, రబ్బరు రింగు, రెండు బెల్టులు, కార్బురేటర్ అన్నీ కలిపినా సామాను ఖర్చు కొత్తదాని ధరలో చిన్న ముక్కే. చేతిపని మీదే అయితే తూకం ఒకవైపు, షాపుకి ఇస్తే ఇంకోవైపు. అందుకే ఒకే మెషీన్ గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు.

బ్యాటరీబాబు

అంత తీరిక అందరికీ ఉంటుందా? నా ఉద్దేశం అదే.

సరళరేఖ

బ్యాటరీబాబు గారూ, బ్యాటరీ మెషీన్ మా ఇంట్లోనూ ఉంది, నాకు ఇష్టమే. కానీ దేనికి పనికొస్తుందో అది కూడా చెప్పాలి కదా. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. తడిసిన మంచు 300 కిలోలు దాటుతుంది. రోడ్డు బండి తోసిన గోడలో అదే తడి మంచు ఉప్పునీళ్లతో గడ్డకట్టి ఉంటుంది. పొడి మంచులో బ్యాటరీ ఎంతసేపు వచ్చిందో చూసి మురిసిపోతే ఆ గోడ దగ్గర సగంలో ఆగిపోతాం. పైగా చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే సెల్స్ పాడవుతాయి, కాబట్టి బ్యాటరీని ఇంట్లో వెచ్చగా పెట్టుకుని పని ఉన్నప్పుడే బయటికి తేవాలి. చిన్న వాకిలి, తరచూ కొద్దికొద్దిగా పడే మంచు అయితే దానికి మించింది లేదు.

వాకిలిమంచు గారు వాకిలి ఎంతో చెప్పనేలేదు.

వాకిలిమంచు

రెండు కార్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు, నాలుగు కార్లంత పొడవు. చివర్లో ఆ గోడ ప్రతిసారీ ఉంటుంది. రోడ్డు మలుపులో ఇల్లు, కాబట్టి మా వాటాకి కొంచెం ఎక్కువే వస్తుంది.

సరళరేఖ

అయితే మీకు టూ స్టేజ్ కావాల్సిందే. రబ్బరు రెక్కలతో నేలను తాకుతూ తిరిగే సింగిల్ స్టేజ్ ఆ గోడ ముందు ఎగిరెగిరి పడుతుంది. కొత్తది కొన్నా పెట్రోలుదే కొంటారు, అంటే కార్బురేటర్ గోల ఎలాగూ ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని తేల్చుకోండి.

పానా_పదమూడు

టెకుమ్సే అన్నారు కాబట్టి ఒక మాట. ఆ కంపెనీ 2008 చివర్లో ఇంజన్ల తయారీ ఆపేసింది. షాపులు "సామాన్లు దొరకవు" అనడానికి అదే సాకు. నిజానికి ఆ ఇంజన్లు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి, కాబట్టి కార్బురేటర్లు, గ్యాస్కెట్లు, స్టార్టర్లు వేరే తయారీదారులు ఇంకా చేస్తున్నారు. దొరకనిది లోపలి సామాను. క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు), దానికి పిస్టన్‌ని కలిపే కనెక్టింగ్ రాడ్ లాంటివి పోతే కష్టం.

ఇంకోటి, ఇంజన్ మీద గాలి ఫిల్టర్ లేదని ఎవరైనా కంగారు పెడితే పట్టించుకోకండి. మంచు ఇంజన్లకి చాలావాటికి ఉండదు. చలికాలంలో దుమ్ము ఉండదు, ఫిల్టర్ పెడితే మంచుపొడి అంటుకుని మూసుకుపోతుంది. దాని బదులు కార్బురేటర్ చుట్టూ రేకు డబ్బా ఉంటుంది, సైలెన్సర్ వేడిని అటు మళ్లించి కార్బురేటర్ గడ్డకట్టకుండా చూస్తుంది. రిపేరు చేశాక ఆ డబ్బా మళ్లీ బిగించకుండా వదిలేసేవాళ్లు ఉన్నారు. నడుస్తున్న ఇంజన్ గట్టి చలిలో మాత్రమే ఆగిపోతుంటే నేను మొదట చూసేది ఆ డబ్బా ఉందా లేదా అని.

గ్రీజుచేతులు

ఆ నాలుగూ ఎలా చూడాలో చెబుతాను. మొదలుపెట్టే ముందు ప్లగ్గు వైరు పీకి దూరంగా కట్టేయండి. ఇది ఎంత చిన్న పనికైనా.

షియర్ పిన్లు రెండూ తీసేయండి. ఇప్పుడు ఆగర్ రెండు సగాలూ లోపలి ఇరుసు మీద చేత్తో తిప్పితే వదులుగా తిరగాలి. తిరగకపోతే తుప్పుతో ఇరుసుకి అతుక్కుపోయాయని అర్థం. పాత మెషీన్లలో అసలు ప్రమాదం ఇదే. అతుక్కుపోయిన ఆగర్‌కి షియర్ పిన్ ఉన్నా లేనట్టే. రాయి తగిలినప్పుడు పిన్ తెగదు, దెబ్బంతా నేరుగా గేర్‌బాక్స్‌కి పోతుంది. లోపల ఉండేది ఉక్కు వర్మ్ (మరలాంటి గేరు), దానితో కలిసి తిరిగే కంచు గేరు. కంచు మెత్తన, పళ్లు రాలేది దానివే.

తర్వాత గేర్‌బాక్స్. వెనకున్న ఇంపెల్లర్‌ని, అంటే మంచుని గొట్టంలోకి విసిరే ఫ్యాన్‌ని, చేత్తో నెమ్మదిగా తిప్పండి. కొన్ని మోడళ్లలో లివర్ వదిలినప్పుడు పుల్లీని బ్రేకు పట్టుకుని ఉంటుంది, దాన్ని కొంచెం వెనక్కి లాగి తిప్పాలి. ఇంపెల్లర్ సుమారు పది చుట్లు తిరిగితే ఆగర్ ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. మధ్యలో ఎక్కడైనా ఎగిరినట్టు, జారినట్టు అనిపిస్తే పళ్లు పోయాయి. తర్వాత పక్కనున్న స్క్రూ తీసి నూనె చూడండి.

కంప్రెషన్ గేజీ పెట్టి నంబరు చూసి భయపడకండి. తాడు తేలిగ్గా లాగడానికి ఈ ఇంజన్లలో కంప్రెషన్‌ని కొంత వదిలేసే ఏర్పాటు ఉంటుంది, గేజీ మీద తక్కువే కనిపిస్తుంది. లీక్ డౌన్ టెస్టు, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూడటం, చేసేవాళ్లుంటే మంచిది. లేకపోతే ఒకటి చూడండి. వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకుండా వస్తోందా, ఆయిల్ తరచూ పోయాల్సి వస్తోందా? రెండూ లేకపోతే ఇంజన్ ఆరోగ్యంగానే ఉన్నట్టు. స్టార్ట్ చేయగానే ఒక్క పొగ వచ్చి పోతే లెక్కలోకి రాదు.

డబ్బా అడుగు గురించి చెప్పేదేముంది, స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే లోపలికి దిగుతుందో లేదో చూడండి. డబ్బాని నేలకి కొంచెం ఎత్తులో ఉంచే స్కిడ్ షూలు, నేలని గీకే కింది స్క్రేపర్ బ్లేడు పూర్తిగా అరిగి డబ్బా అంచే నేలకి రాసుకుంటూ ఉంటే ఆ నష్టం పెద్దది. బ్లేడు కొత్తది వేయొచ్చు, అంచు మళ్లీ రాదు.

సరళరేఖ

నాలుగోది మీరు చెప్పకుండా వదిలేశారు, నేను చెబుతాను. ఆగర్ లివర్ వదలగానే ఆగర్, ఇంపెల్లర్ అయిదు సెకన్లలోపు ఆగాలి. డ్రైవ్ లివర్ వదిలితే చక్రాలు వెంటనే ఆగాలి. బాగా పాత మెషీన్లలో ఈ ఏర్పాటే ఉండదు. ఉన్నవాటిలో కొందరు లివర్‌ని తాడుతో కట్టేస్తారు. అలాంటిదాన్ని బాగు చేయడం కుదరకపోతే మిగతా అంతా బంగారంలా ఉన్నా సరే, నా ఓటు కొత్తదానికే.

ఇంజన్ ఆఫ్ చేశాక కూడా గొట్టంలో చెయ్యి పెట్టొద్దు. మంచు ఇరుక్కున్నప్పుడు బెల్టులో, ఇంపెల్లర్‌లో బిగువు మిగిలే ఉంటుంది. అడ్డు తొలగగానే ఇంపెల్లర్ ఒక్కసారి కదులుతుంది, వేళ్లు పోవడానికి ఆ కొంచెం చాలు. కర్రే వాడాలి.

వాకిలిమంచు

శని, ఆదివారాలు దీనికే సరిపోయాయి. ఇదీ సంగతి.

ఎడమవైపు షియర్ పిన్ తెగి ఉంది, ఆ సగం ఇరుసు మీద వదులుగా తిరుగుతోంది. కుడివైపు చూస్తే షియర్ పిన్ కాదు, తలమీద ఆరు గీతలున్న బోల్టు బిగించి ఉంది. అది తీసేశాక కూడా కుడి సగం ఇంచు కూడా కదలడం లేదు. ఇంపెల్లర్ తిప్పితే ఇరుసు నున్నగానే తిరుగుతోంది, ఎక్కడా ఎగరలేదు. గేర్‌బాక్స్ నూనెలో బంగారు రంగు మెరుపు కనిపించింది.

ఇంజన్ పొగ స్టార్టింగ్‌లో కొంచెం, తర్వాత లేదు. డబ్బా అడుగున పైపై తుప్పు, గట్టిగానే ఉంది. ఆగర్ లివర్ వదిలితే ఆగర్ ఆగుతోంది గానీ నెమ్మదిగా, అయిదు సెకన్లు దాటుతోంది.

పానా_పదమూడు

ఆరు గీతల బోల్టా! అది గట్టి ఉక్కు. దాన్ని పెట్టినాయనకి నా దండం. తెగడానికి పెట్టాల్సిన చోట తెగనిది పెట్టాడు.

తూకంరాయి

నూనెలో కంచు మెరుపు అంటే గేరు అరుగుతోందన్నమాటే. గేర్‌బాక్స్ ఖర్చు కలిపితే లెక్క కొత్తదానివైపు మొగ్గుతుంది. ఇక్కడ ఆలోచించాలి.

గ్రీజుచేతులు

తూకంరాయి గారూ, మెరుపులో తేడా ఉంది. పౌడరులా సన్నగా నూనెలో కలిసిపోయి ఉంటే కంచు గేరు ఉన్న ఏ పాత గేర్‌బాక్స్‌లోనైనా కనిపించేదే. గోటికి తగిలే రేకులు, ముక్కలు వస్తే అప్పుడు ఆలోచించాలి. వాకిలిమంచు గారూ, ఆ నూనెను తెల్ల కాగితం మీద పోసి వేలితో రుద్దండి. గరుకు తగిలిందా?

వాకిలిమంచు

గరుకు లేదు. మెత్తగా, మెరుపు రంగు సిరాలా ఉంది.

గ్రీజుచేతులు

అయితే గేర్‌బాక్స్ బతికే ఉంది. ఆ గట్టి బోల్టుతో కూడా బతికిందంటే ఆ పాత ఇనుము గొప్పదనమే. పాతది తీసి మాన్యువల్‌లో చెప్పిన రకం గేరు నూనె పోయండి, సీళ్ల దగ్గర కారుతోందేమో చూడండి.

అసలు పని కుడి సగం విడిపించడం. ఆగర్ గొట్టం మీద గ్రీజు నిపుల్ ఉంటుంది. దాన్ని విప్పి ఆ రంధ్రంలోంచి, పిన్ రంధ్రంలోంచి, రెండు చివరల నుంచి తుప్పు వదిలించే నూనె పోయండి. ఒక్కరోజులో వదలాలని ఆశించొద్దు. పూటపూటకీ పోస్తూ, పైపు రెంచితో అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపుతూ ఉండాలి. ఒకేవైపు బలంగా తిప్పొద్దు, ఆ బలం కూడా గేరుకే పోతుంది. సుత్తితో ఆగర్ రెక్కల్ని కొట్టొద్దు, వంగిపోతాయి. కదలకపోతే గొట్టాన్ని వేడి చేయొచ్చు, కానీ ట్యాంకు ఖాళీ చేసి, మెషీన్‌ని బయటికి తెచ్చి, పోసిన నూనె అంతా తుడిచేశాక. గేర్‌బాక్స్ సీళ్లకి దూరంగా. వదిలాక ఇరుసుని గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు దట్టించి ఎక్కించండి. ఆ తర్వాత సీజనుకోసారి పిన్లు తీసి ఆగర్‌ని చేత్తో తిప్పి గ్రీజు కొడితే మళ్లీ అతుక్కోదు.

లివర్ సంగతి కేబుల్ తుప్పు గానీ, బెల్టు సాగిపోయి సర్దుబాటు తప్పడం గానీ, బ్రేకు ప్యాడ్ అరుగుదల గానీ అయి ఉంటుంది. బెల్టులు ఎలాగూ మారుస్తారు కాబట్టి అప్పుడే చూడండి. బెల్టులు మాత్రం ఆ మోడల్‌కి చెప్పినవే తీసుకోండి, కారుకి వాడేవి కొలత సరిపోయినా పనికిరావు. ఇక్కడ బెల్టు జారుతూ పట్టుకోవాలి, దానికి తగ్గ గుడ్డ చుట్టి చేస్తారు.

నిద్రలేవను

ఇంత చదివాక నాకు మంచు పార మీద గౌరవం పెరిగింది.

బ్యాటరీబాబు

సరే, ఒప్పుకుంటాను, ఈ మెషీన్ బాగు చేయదగ్గదే. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పండి. కొత్త మెషీన్లలో టెక్నాలజీ మారింది కదా? మలుపు తిరగడానికి పవర్ స్టీరింగ్, హ్యాండిల్ వేడెక్కడం, ఎల్ఈడీ లైట్లు. పాతదాంట్లో ఇవేవీ రావు.

పానా_పదమూడు

మంచి ప్రశ్నే. మంచుని తీసి విసిరే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. కెనడాలో ఆర్థర్ సికార్డ్ 1925లో చేసిన బండిలోనూ ముందు మంచుని కోసి లోపలికి లాగడం, వెనక ఫ్యాన్‌తో విసరడమే. మారినవాటిలో నిజంగా విలువైనవి నా లెక్కలో రెండు. ఒకటి మీరన్న స్టీరింగ్. పాతవాటిలో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి కట్టి ఉంటే తిప్పడానికి భుజాలు ఊడతాయి. వయసు మీద పడినవాళ్లకి, నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఇదొక్కటే చాలు కొత్తది కొనడానికి, నేనేం వాదించను. రెండోది ఇంజన్. పాత టెకుమ్సేలు వాల్వులు సిలిండర్ పక్కన ఉండే సైడ్ వాల్వ్ రకం, ఇప్పటివన్నీ అవి పైన ఉండే ఓవర్‌హెడ్ వాల్వ్. చలిలో తేలిగ్గా స్టార్ట్ అవుతాయి, పెట్రోలు తక్కువ తాగుతాయి.

లైటు అంటారా, తలకి కట్టుకునే లైటు ఉంది.

సరళరేఖ

తడి మంచు దూరం పడట్లేదని బాధపడేవాళ్లకి: ఇంపెల్లర్ రెక్కలకీ, దాని చుట్టూ ఉన్న డబ్బాకీ మధ్య పాత మెషీన్లలో వేలు దూరేంత ఖాళీ ఉంటుంది. తడి మంచు ఆ ఖాళీలోంచి వెనక్కి జారి గొట్టంలో గడ్డకడుతుంది. రెక్కల చివర గట్టి రబ్బరు పట్టీలు బోల్టు చేసే కిట్లు దొరుకుతాయి. డబ్బాకి రాసీ రాయనట్టు అమర్చాలి. బురద మంచులో తేడా కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. ఎటూ మెషీన్ విప్పారు కాబట్టి ఇది కూడా చేసేయండి.

వాకిలిమంచు

కుడి సగం వదిలింది! వేడి చేయాల్సిన పని రాలేదు. నూనె పోస్తూ ఊపుతూ ఉంటే ఒక సాయంత్రం "టక్" మని కదిలింది, తర్వాత ఎర్రటి తుప్పునీళ్లు కారాయి. ఇరుసు మీద గుంటలు పడ్డాయి గానీ లోతుగా లేవు.

ట్యాంకు ఖాళీ చేసి మెషీన్‌ని ముందు డబ్బా మీద నిలబెట్టి అడుగు పలక విప్పాను. రబ్బరు రింగు అరిగి లోపలి ఇనుము పళ్లేనికి తగులుతోంది. పళ్లెం మీద గీతలున్నాయి. దాన్ని కూడా మార్చాలా?

కార్బురేటర్ బోల్టులో పక్క రంధ్రం పూర్తిగా మూసుకుపోయి ఉంది. శుభ్రం చేశాక చోక్ లేకుండా నడుస్తోంది. ఫుల్ స్పీడులో కొద్దిగా ఊగుతోంది, లోడ్ పడితే సర్దుకుంటోంది.

గ్రీజుచేతులు

పళ్లెం మీద గీతలు గోటికి తగిలితే సన్నని గరుకు కాగితంతో చదును చేసి, నూనె మరక లేకుండా తుడిచి వాడుకోవచ్చు. గాడిలా లోతు పడితే మార్చాలి, లేకపోతే కొత్త రబ్బరుని తినేస్తుంది. రబ్బరు రింగు బిగించాక ఆ చుట్టుపక్కల ఒక్క చుక్క గ్రీజు కూడా పడనీయొద్దు.

ఆ కొద్దిపాటి ఊగిసలాటతో సీజను గడిచిపోతుంది. నచ్చకపోతే కొత్త కార్బురేటర్ వేయండి. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగు మాత్రం సాగదీయకండి. ఇంజన్ వేగం 3600 ఆర్‌పీఎం (నిమిషానికి 3600 చుట్లు) దాటకుండా కట్టిన స్ప్రింగు అది. శబ్దం ఎక్కువైతే బలం ఎక్కువైందని సంబరపడతారు, కనెక్టింగ్ రాడ్ తెగి ఇంజన్‌కి కన్నం పెట్టుకుని బయటికి వస్తుంది.

తూకంరాయి

నా లెక్క నేనే సవరించుకుంటున్నాను. గేర్‌బాక్స్ ఖర్చు పక్కన పెడితే సామాన్లన్నీ కలిపి కొత్తదానిలో పదో వంతు దరిదాపుల్లోనే ఉండాలి. బాగు చేయడమే.

వాకిలిమంచు

మీరన్నట్టే, అంతకంటే కొంచెం తక్కువే అయింది. రింగు, బెల్టులు, బ్రేకు ప్యాడ్, కేబుల్, పిన్లు, స్క్రేపర్ బ్లేడు తెప్పించాను. లివర్ వదిలితే ఇప్పుడు ఆగర్ వెంటనే ఆగుతోంది. ఈ సీజనుకి ఇదే. మీ అందరికీ ధన్యవాదాలు.

నిద్రలేవను

ఇన్నాళ్లూ జోకులేశాను గానీ నాదీ ఒక కేసుంది. మా మామయ్య ఇచ్చిన మెషీన్, ఇంకా పాతది. పెద్ద శబ్దంతో ఆగిపోయింది, ఇంజన్ పక్కన బొటనవేలు పట్టే కన్నం, కిందంతా ఆయిల్. డబ్బా అడుగు ఒక మూల జల్లెడలా ఉంది. పైదంతా చదివాక ఇంజన్ మాత్రం కొత్తది వేస్తే సరిపోతుందేమో అని ఆశ పుట్టింది.

గ్రీజుచేతులు

ఆ కన్నం కనెక్టింగ్ రాడ్‌ది, ఆ ఇంజన్ అయిపోయింది. కొత్త ఇంజన్ వేయడం చాలామంది చేసే పనే. ముందు ఒకటి చూడండి. ఇంజన్ నుంచి బెల్టుల వైపు బయటికి వచ్చే ఇరుసులు ఒకటా, రెండా?

నిద్రలేవను

రెండు. పెద్దది ఒకటి, దాని పక్కన చిన్నది. రెండింటికీ వేర్వేరు బెల్టులు.

గ్రీజుచేతులు

నేను భయపడిందే. ఆ చిన్నది క్యామ్ షాఫ్ట్, అంటే ఇంజన్ వాల్వులని తెరిచి మూసే ఇరుసు. క్రాంక్ తిరిగే వేగంలో సగం వేగంతో, వ్యతిరేక దిశలో తిరుగుతుంది, దాంతోనే మీ చక్రాలు నడుస్తాయి. ఇప్పుడు మామూలుగా దొరికే ఇంజన్లకి ఒక్కటే ఇరుసు. దానికి రెండు పుల్లీలు కట్టి చక్రాలు నడిపితే వేగం రెట్టింపు అవుతుంది, ముందుకి వేస్తే వెనక్కి పోతుంది. దాన్ని సరిచేయడానికి పుల్లీలు, దిశ మార్చే ఏర్పాటు అన్నీ కొత్తగా చేసుకోవాలి. వర్క్‌షాపు ఉండి సరదా ఉన్నవాళ్లు చేస్తారు. అడుగు జల్లెడైన డబ్బా కోసం అంత పని వద్దు.

తూకంరాయి

మీది కొత్తదే. లెక్క కూడా అక్కర్లేదు.

పానా_పదమూడు

పారేసేముందు గేర్‌బాక్స్, ఇంపెల్లర్, చక్రాలు, గొట్టం తీసి అమ్మకానికి పెట్టండి. అదే మోడల్ నడుపుతున్నవాళ్లు ఎక్కడో వెతుక్కుంటూ ఉంటారు. మోడల్ నంబరు పలక ఫొటో తప్పకుండా పెట్టండి, అది లేకపోతే ఎవరూ అడగరు.

నిద్రలేవను

సరే. కొత్తది కాకుండా వాడినది చూస్తే? అమ్మేవాళ్లు ఇంటికి రమ్మంటున్నారు.

సరళరేఖ

వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, చల్లారేదాకా కూర్చోండి లేదా ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్‌ని మీ ముందే స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేసేముందే షియర్ పిన్లు తీసి ఆగర్ తిప్పి చూపించమనండి. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో సరి.

గ్రీజుచేతులు

పిన్ల స్థానంలో గీతలున్న బోల్టులు కనిపిస్తే ధర తగ్గించమని అడగండి. గేర్‌బాక్స్ నూనె చూడకుండా మాత్రం డబ్బులివ్వొద్దు.